అనాస కేసరి తెచ్చిన తంటా

2007లో ఒక శుక్రవారం పొద్దున కోటయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య దమయంతి చేసిచ్చిన అనాస కేసరిని, తలా ఒక వంటకం తెచ్చుకునే ఆఫీసు పాట్‌లక్‌లో పెట్టాలి, మేనేజర్ హాన్స్ నోరు తీపి చెయ్యాలి, మధ్యాహ్నంలోగా గ్రీన్‌కార్డు కాగితం మీద ఆయన చేత సంతకం పెట్టించుకోవాలి. మంగళవారానికి ఆ కాగితం లాయరుకి చేరకపోతే వీసా గడువు దాటిపోతుంది. ఇక పెట్టేబేడా సర్దుకోవలసిందే.

ఫార్మింగ్టన్ హిల్స్‌లో కారు సీట్లు తయారుచేసే ఆ కంపెనీలో తెలుగువాళ్ళు కోటయ్య, సైలస్ ఇద్దరే. వింటే మాత్రం ఎవరికి అర్థమవుతుందన్న ధీమాతో మూడేళ్ళుగా హాన్స్ ఎదురుగానే నిలబడి, నవ్వు మొహాలతో, ఆయన్ని సొరకాయ అని చెప్పుకుంటున్నారు. బట్టతల, సాగిన మెడ. పేరులో అన్యాయమేమీ లేదు.

"అనాస ముక్కలు బాగా పడ్డాయిరా," అన్నాడు కోటయ్య గిన్నె మూత తీస్తూ. "సొరకాయ రెండు స్పూన్లు తిన్నాడంటే సంతకం పడ్డట్టే."

"అననాస్!" అన్నాడు వెనకనుంచి హాన్స్, వాసన పీలుస్తూ.

కోటయ్య చేతిలో గరిటె ఆగిపోయింది. ఈలోగా ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఫిలిప్ "ఓ, అననా!" అన్నాడు. ఇటలీ అమ్మాయి కార్లా కూడా "అననాస్" అంటూ ప్లేటు చాపింది. రిసెప్షన్‌లో ఉండే నాన్సీ ఒక్కతే "పైనాపిలా?" అని అడిగింది. కోటయ్యకి ఆమె మీద ఎక్కడలేని అభిమానం పుట్టుకొచ్చింది.

సైలస్‌ని ప్రింటరు గదిలోకి లాక్కుపోయాడు.

"ఒరేయ్, వీళ్ళందరికీ తెలుగు వచ్చురా!"

"అందరికీ ఎలా వస్తుందిరా? క్లాసులకి వెళ్ళారా ఏంటి?"

"మనల్ని పట్టుకోడానికే నేర్చుకునుంటారు. మొన్న మీటింగ్‌లో సొరకాయ గురించి నువ్వన్నది గుర్తుందా?"

సైలస్ మొహం పాలిపోయింది. "అన్నది నేనే గానీ, నవ్వింది నువ్వు. సంతకం కావలసింది కూడా నీకే. వాళ్ళు అడక్కముందే వెళ్ళి సారీ చెప్పెయ్."

కోటయ్య హాన్స్ గదిలోకి వెళ్ళి తలుపు వేశాడు. కాగితం బల్లమీదే ఉంది, పక్కన మూత తీసిన పెన్ను. తెలుగు వచ్చినవాడితో ఇంకా ఇంగ్లీషు నాటకం ఎందుకని తెలుగులోనే మొదలుపెట్టాడు.

"సార్, మిమ్మల్ని సొరకాయ అన్నమాట నిజమే. తప్పయిపోయింది. పెళ్ళాం పిల్లలు గలవాణ్ణి."

హాన్స్ కళ్ళార్పకుండా విన్నాడు. "ఇంగ్లీషులో చెప్పండి," అన్నాడు.

రికార్డు కోసం కాబోలు అనుకున్నాడు కోటయ్య. మూడేళ్ళ మాటలన్నీ పొల్లుపోకుండా అనువదించాడు. సైలస్ అన్నవి కూడా వదల్లేదు.

హాన్స్ పెన్ను చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత అడిగాడు. "ఇందాక మీరు మాట్లాడింది ఏ భాష?"

"తెలుగు సార్. మీకు వచ్చుగా! పొద్దున అనాస అన్నారు."

"అది జర్మన్. ఫ్రాన్స్‌లో, ఇటలీలో కూడా ఆ పండుకి ఇంచుమించు అదే పేరు. ఇంగ్లీషువాళ్ళే పైన్ చెట్టు కాయ పేరు తెచ్చి దీనికి తగిలించారు."

కోటయ్యకి అప్పుడు అర్థమైంది. ఎవరూ అడగని నేరం ఒప్పుకున్నాడు, అదీ రెండు భాషల్లో. సిగ్గుతో తలెత్తలేకపోయాడు.

హాన్స్ పెన్నుకి మూత పెట్టాడు. "ఆ సొరకాయ అనేది నేనెప్పుడూ చూడలేదు. సోమవారం ఒకటి తీసుకురండి. పోలిక చూసి సంతకం పెడతాను."

శనివారం ఇండియన్ స్టోర్‌లో కోటయ్య, ఉన్నవాటిలో కాస్త అందమైన సొరకాయ కోసం గంటన్నర వెతికాడు.