రెడీ బిందె

"ఈ రోజు నుంచి మన నియోజకవర్గానికి సొంతంగా ఒక రాక్ బ్యాండు ఉంది. రాష్ట్రంలో ఇంకే నియోజకవర్గానికీ లేదు. దేశంలో ఎక్కడైనా ఉందేమో కనుక్కోమని మా పీఏ హరిబాబుకి చెప్పేను. కనుక్కుంటున్నాడు."

రాజోలు సెంటర్లో ఎమ్మెల్యే సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు ఈ ప్రకటన చేయగానే చప్పట్లు మోగాయి. వేదిక మీద నల్ల చొక్కాల్లో నిలబడ్డ ముగ్గురు మాత్రం చప్పట్లు కొట్టలేదు. వాళ్ళకింకా ఊపిరి కుదుటపడలేదు. ఎమ్మెల్యే గారు రమ్మన్నారని కబురు రాగానే కేసు పెడతారనుకుని, బెయిలుకి పనికొస్తాయని వాళ్ళలో గిటారు వాయించే కృష్ణమోహన్ నాలుగు ఆధార్ జిరాక్సులు జేబులో పెట్టుకుని వచ్చాడు. తీరా చూస్తే శాలువా కప్పారు.

కేసు భయం ఊరికే పుట్టలేదు. అంతర్వేది దాటి సముద్రం వైపు వెళితే గువ్వలమెరక అనే ఊరొస్తుంది. ఊరికి ఒకపక్క గోదావరి, ఇంకోపక్క సముద్రం, మిగిలిన రెండు పక్కలా రొయ్యల చెరువులు. ఎటు చూసినా నీళ్ళే. తాగడానికి మాత్రం చుక్క లేదు, బోరు వేస్తే ఉప్పు. వారానికోసారి రావలసిన ట్యాంకరు నెలకోసారి కూడా రావడం లేదు. ఆ చెరువుల్లో పెద్దవి ఎవరివో ఊళ్ళో అందరికీ తెలుసు గనక ఎవరూ మాట్లాడరు.

కృష్ణమోహన్ మాట్లాడాడు. తొమ్మిదేళ్ళు దోహాలో హోటల్ వంటింట్లో పనిచేసి, గదిలో తోడున్న జూన్ అనే ఫిలిప్పీన్స్ కుర్రాడి దగ్గర ఎలక్ట్రిక్ గిటారు నేర్చుకుని ఊరికి తిరిగొచ్చాడు. బోటు ఇంజన్లు బాగుచేసే పోతురాజుని డ్రమ్ముల ముందు కూర్చోబెట్టాడు. రొయ్యల షెడ్డులో ఐసు ఆడించే మిషను మోతని మించి పాడే సత్యదుర్గ చేతికి మైకు ఇచ్చాడు. నది సముద్రంలో కలిసే చోటుని ఆ పక్క మొగ అంటారు కాబట్టి బ్యాండుకి 'మొగ' అని పేరు పెట్టాడు. ముగ్గురూ మండలాఫీసు ముందు నిలబడి ఒక పాట పాడారు.

"బిందె ఖాళీ, బిందె ఖాళీ,
ట్యాంకరు రాదు, గొంతు తడవదు,
గోదారి పక్కన గుక్కెడు లేదు!"

ఆ వీడియో పది లక్షల మంది చూశారు. పదకొండో లక్షలో ఎమ్మెల్యే గారు కూడా చూశారు. అల్పులైతే కోపగించుకుందురు. ఆయన ముచ్చటపడ్డారు.

"ఎంత గొంతమ్మా నీది! ఇది ప్రభుత్వం వైపు ఉండవలసిన గొంతు" అన్నారు.

కృష్ణమోహన్ ఆశ కూడా అబద్ధమేమీ కాదు. పెద్ద వేదికలెక్కితే పాట పెద్దవాళ్ళ చెవిన పడుతుంది, పడితే ట్యాంకరు వస్తుంది అనుకున్నాడు. సత్యదుర్గ మాత్రం శాలువా మడత పెడుతూ, "అన్నయ్యా, ఈళ్ళకి ఇనపడకా ట్యాంకరు రాంది?" అంది. అతను విననట్టు తన శాలువా సర్దుకున్నాడు.

మొదటి పెద్ద కార్యక్రమం అమలాపురంలో, సాక్షాత్తూ ముఖ్యమంత్రి గారి సభలో. గేటు దగ్గరే పోలీసులు ఆపేశారు. నలుపు నిరసన రంగు, లోపలికి వెళ్ళకూడదట. గొడుగులు, చున్నీలు, ఒక పెద్దాయన బెల్టు అప్పటికే కుప్పపోసి ఉన్నాయి. కుప్ప మీదకి మూడు చొక్కాలు చేరాయి.

"మరి నా జుట్టో సార్?" అన్నాడు పోతురాజు. అతనికి భుజాల దాకా ఒత్తయిన జుట్టు.

ఎస్సై గారు దాన్ని నాలుగు వైపుల నుంచీ పరిశీలించారు. పైవాళ్ళకి ఫోన్ చేశారు. "పుట్టుకతో వచ్చిన నలుపుకి మినహాయింపు ఉందట. కాకపోతే ఊపకూడదు" అన్నారు.

లోపలినుంచి ఎమ్మెల్యే గారి పీఏ హరిబాబు పరుగున వచ్చి పార్టీ రంగు చొక్కాలు ఇచ్చాడు. అప్పట్లో ఎమ్మెల్యే గారి పార్టీది వంగపండు రంగు. అద్దంలో చూసుకుంటే కృష్ణమోహన్‌కి తన పీక కింద వంకాయ కాసినట్టనిపించింది. దోహాలో జూన్ చెప్పిన మాట గుర్తుచేసుకుని గుండె చిక్కబట్టుకున్నాడు. 'ప్రపంచంలో పెద్ద బ్యాండ్లన్నీ వేషం మార్చినవే బ్రదర్. జుట్టు పెంచారు, గొరిగారు, రంగులు పూసుకున్నారు, కడుక్కున్నారు. మారనివాడు ఉన్నచోటే పాతబడతాడు.' అయితే తను పాతబడటం లేదన్నమాట.

ఆ తర్వాత పాట మారింది. దీనికోసం ఎమ్మెల్యే గారి గెస్ట్‌హౌస్‌లో సాహిత్య పరిశీలక సంఘం కూర్చుంది. సంఘంలో హరిబాబు, ఇద్దరు కాంట్రాక్టర్లు, ఒక రొయ్యల మేత కంపెనీ డీలరు ఉన్నారు.

"చెల్లెమ్మా, 'బిందె ఖాళీ' అన్నావు. ఖాళీ అన్నది నెగటివ్ మాట" అన్నాడు హరిబాబు.

"ఖాళీగానే ఉందండి మరి."

"ఉంటుంది. ఎందుకుంది? నింపించుకోడానికి రెడీగా ఉంది. అంచేత 'బిందె రెడీ' అందాం. అర్థం అదే. యాటిట్యూడ్ మారుతుంది."

కాంట్రాక్టర్లు ఆహా అన్నారు. డీలరు కళ్ళు తుడుచుకున్నాడు.

"'ట్యాంకరు రాదు' బదులు 'ట్యాంకరు వస్తోంది' అందాం" అన్నాడు హరిబాబు.

"ఎప్పుడొస్తందండి?" అంది సత్యదుర్గ.

"పాటలో వచ్చేస్తోంది కదమ్మా!"

మారిన పాట ముప్పై సభల్లో పాడారు. ఇంటికెళితే సత్యదుర్గ తల్లి వీరమ్మ కూతురితో మాటలు మానేసింది. అన్నం పెట్టి, పక్కన గ్లాసుకి బదులు ఖాళీ బిందె పెట్టేది. "అమ్మ తిట్టినా బాగుండు అన్నయ్యా" అంది సత్యదుర్గ ఒకరోజు. కృష్ణమోహన్ గిటారు తీగలు బిగించుకుంటూ, "ఇంకొక్క మెట్టు చెల్లెమ్మా. ఆయన మంత్రి అయితే మన ఊరికి పైపులైనే" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని చెవులకే అది హరిబాబు గొంతులా వినపడింది.

ఆ మంత్రి పదవి రాలేదు. మనస్తాపం చెందిన ఎమ్మెల్యే గారు ఒక మంగళవారం భోజనానికి వంగపండు రంగు కండువాతో కూర్చుని, చెయ్యి కడుక్కునేసరికి చిలకపచ్చ కండువాతో లేచారు. నియోజకవర్గ అభివృద్ధి కోసం మింగుడుపడని ముద్ద కూడా మింగానని విలేకరులతో చెప్పారు. వాళ్ళలో పెద్దవాడైన గంగరాజు, "మరి రాక్ బ్యాండు సంగతేంటండి?" అని అడిగాడు.

"వాళ్ళూ ఆత్మపరిశీలన చేసుకుంటున్నారు."

చేసుకుంటున్నట్టు ఆ ముగ్గురికీ మర్నాడు పేపర్లో తెలిసింది. చిలకపచ్చ పార్టీది సంప్రదాయం లైను. పోతురాజు జుట్టు పోయింది. పంచెలొచ్చాయి. సత్యదుర్గకి పట్టుచీర కట్టించి పాటని సగం వేగానికి దించారు. డ్రమ్ములకి పూలదండలు చుట్టారు. కృష్ణమోహన్ కాలికింద ఒక చిన్న ఇనప డబ్బా ఉండేది. దాన్ని తొక్కితే గిటారు పులిలా గుర్రుమంటుంది. హరిబాబు దాన్ని తీయించేశాడు.

"ఆ గుర్రు ప్రజల అసంతృప్తిలా ఉంది తమ్ముడూ."

"అది లేకపోతే రాక్ కాదండి."

"రాక్ అంటే రాయే కదా. రాయి గుర్రుమంటుందా? ప్రశాంతంగా ఉంటుంది."

కృష్ణమోహన్ డబ్బా తీసి సంచిలో పెట్టుకున్నాడు. ఇంటికెళ్ళి జూన్‌కి ఫోన్ చేసి, 'బ్రదర్, మారడం ఎక్కడ ఆపాలి?' అని అడుగుదామనుకుని, ఫొటోలు పంపమంటాడేమోనని మానేశాడు.

చిలకపచ్చ పార్టీ జనంలోకి వెళ్ళాలంది. ఏ ఊళ్ళో మొదలుపెట్టాలా అని వెతికి, పాట పుట్టిన ఊరయితే సెంటిమెంటు పండుతుందని గువ్వలమెరకలో సభ పెట్టారు. సాయంత్రం నాలుగింటికి కృష్ణమోహన్ వేదిక ఎక్కాడు. ఎదురుగా ఊళ్ళో ఆడవాళ్ళంతా ఉన్నారు. ప్రతివాళ్ళ ముందూ ఒక బిందె ఉంది. స్టీలువి, ఇత్తడివి, సొట్టలు పడ్డ సత్తువి, రెండు వందల పైచిలుకు బిందెలు వరసగా పేర్చి ఉన్నాయి. మొదటి బిందె వీరమ్మది.

"చూశావా హరిబాబూ! పాట ఎంతలా పట్టేసింది! బిందెల్తో వచ్చేరు అభిమానులు" అన్నారు ఎమ్మెల్యే గారు.

సత్యదుర్గ పాట అందుకుంది. "బిందె రెడీ, బిందె రెడీ, ట్యాంకరు వస్తోంది..." ఆడవాళ్ళు తలలు తిప్పి రోడ్డు వైపు చూశారు. పాట రెండోసారి పాడింది. మళ్ళీ చూశారు. పాట అయిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ లేవలేదు.

వీరమ్మ నెమ్మదిగా అడిగింది. "ఆయ్, వస్తందన్నారు కదండీ. ఎంతదాకా వచ్చిందండి?"

ఎమ్మెల్యే గారు హరిబాబు వంక చూశారు. హరిబాబు రోడ్డు వంక చూశాడు. వీరమ్మ ఇంకేం అడగలేదు. బిందెని బోర్లించి అరచేత్తో ఒక్కటి చరిచింది. పక్కావిడ రెండు చరిచింది. నిమిషంలో రెండు వందల బిందెలు ఒకే దరువున మోగాయి. పక్క చెరువు గట్టు మీది కొంగలన్నీ లేచిపోయాయి.

సత్యదుర్గ మైకు కింద పెట్టింది. పట్టుచీర కుచ్చిళ్ళు ఎగదోపి వేదిక దిగి తల్లి పక్కన కూర్చుంది. "బిందె ఖాళీ!" అని మైకు లేకుండానే ఎత్తుకుంది. పోతురాజు డ్రమ్ముల మీది పూలదండలు తెంపి పారేశాడు. కృష్ణమోహన్ సంచిలోంచి ఇనప డబ్బా తీసి, వైరు గుచ్చి, బలమంతా పెట్టి తొక్కాడు. ఎనిమిది నెలల తర్వాత గిటారు గుర్రుమంది. వేదిక కర్రలు అదిరాయి. అతనికి తెలియకుండానే కళ్ళంట నీళ్ళు కారాయి. ఆ రోజు ఆ ఊళ్ళో దొరికిన నీళ్ళు అవే.

ఇక అరెస్టేనని ముగ్గురూ అనుకున్నారు. కానీ సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు వేరే మట్టితో తయారైన మనిషి. పాట ఆగగానే లేచి మైకందుకున్నారు.

"ఇదీ నేను కోరుకున్న ఫ్యూజన్! మహిళాశక్తి, లోహవాద్యం, జానపదం. మన మొగ బ్యాండు కొత్త అవతారం! దీన్ని రాష్ట్ర సాంస్కృతికోత్సవానికి తీసుకెళ్ళే బాధ్యత నాది!"

ఈ వీడియో ముప్పై లక్షల మంది చూశారు. జిల్లా అధికారులు కూడా చూసి కంగారుపడి, వారం తిరక్కుండా నిజంగానే ట్యాంకరు పంపారు. ఇకమీదట రోజూ వస్తుందన్నారు. గురువారం పొద్దున్న తొమ్మిదింటికి అది ఊళ్ళోకి వచ్చింది. పిల్లలు దాని వెంట పరుగెత్తారు. కృష్ణమోహన్ రోడ్డు మీదే నిలబడి దాన్ని చేత్తో తడిమి చూశాడు. చల్లగా ఉంది. వీరమ్మ మొదటి బిందె నింపుకుని, ఏడాది తర్వాత కూతురితో, "ఇంద, తాగవే" అంది.

సరిగ్గా అప్పుడే సాంస్కృతిక శాఖ పరిశీలకురాలు ప్రసన్నకుమారి గారు కారు దిగారు. ఉత్సవానికి బృందాలని ఎంపిక చేసే అధికారం ఆవిడది. వెనక హరిబాబు ఉన్నాడు. ఆవిడ వీరమ్మ బిందె దగ్గరికి వెళ్ళి పెన్సిలుతో తట్టారు. డుబ్ మంది. పక్కనే ఉన్న ఖాళీ బిందెని తట్టారు. ఖణేల్మంది.

"ఇది మోగడం లేదే" అన్నారు మొదటిదాన్ని చూపించి.

"నీళ్ళున్నాయండి" అన్నాడు కృష్ణమోహన్.

"ఎందుకున్నాయి?"

అతను ఏం చెప్పాలో తెలియక ట్యాంకరు వైపు చూపించాడు. ప్రసన్నకుమారి గారి నుదురు ముడిపడింది. "చూడండి, రోజూ నింపుకుంటూ కూర్చుంటే సాధన ఎప్పుడు? కళ వదిలేసిన ఊరికి ఎంట్రీ ఇవ్వలేను."

హరిబాబు ఎమ్మెల్యే గారికి ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టాడు. ఎమ్మెల్యే గారు క్షణం ఆలోచించలేదు. "నీళ్ళెప్పుడైనా ఇవ్వొచ్చయ్యా. సౌండు పోతే మళ్ళీ వస్తుందా? వెనక్కి పంపు."

డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు. సత్యదుర్గ ట్యాంకరుకి అడ్డంగా నిలబడింది. "ఎన్నాళ్ళండి?" అంది హరిబాబుతో.

"ఉత్సవం అయ్యేదాకానేనమ్మా. మూడు నెలలు."

"అప్పటిదాకా ఏం తాగమంటారండి?"

"సాధనలో ఉంటే దాహం తెలీదమ్మా" అన్నాడు హరిబాబు ఎంతో ఆప్యాయంగా. ఇద్దరు కానిస్టేబుళ్ళు కూడా అంతే ఆప్యాయంగా ఆమెని పక్కకి జరిపారు. ట్యాంకరు నీళ్ళు తొణుక్కుంటూ రోడ్డెక్కింది. వీరమ్మ మాత్రం తన బిందెని చంకనెత్తుకుని, "తియ్యండి చూద్దాం" అన్నట్టు అందరినీ ఒకసారి చూసి ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకుంది.

ప్రసన్నకుమారి గారు కారు బానెట్ మీద దరఖాస్తు పరిచి కృష్ణమోహన్‌కి పెన్సిలిచ్చారు. బృందం పేరు, సభ్యుల సంఖ్య రాశాడు. మూడో గడి దగ్గర చెయ్యి ఆగింది. 'బృందం తన శైలిని మార్చుకోవడానికి కారణం. ఒక్క మాటలో.' నల్ల చొక్కా, వంగపండు చొక్కా, పంచె, బిందె అన్నీ అతని కళ్ళ ముందు తిరిగాయి. దూరంగా వెళ్ళిపోతున్న ట్యాంకరు వంక చూశాడు. గొంతు ఎండిపోయి ఉంది. 'దాహం' అని రాసిచ్చాడు.

ఆవిడ చదివారు. మెచ్చుకోలుగా తలాడించి, పెన్సిలు తీసుకుని, ముందు రెండక్షరాలు చేర్చి 'కళాదాహం' అని సరిచేసి, కింద సంతకం పెట్టారు.