గోటితో పోయేదానికి

సారంగపాణికి లోకంలో భయాలు రెండే. గని లోపల పైకప్పు చిటచిటలాడటం, గని బయట గురవమ్మ మెల్లగా మాట్లాడటం. రిటైరవడంతో మొదటిది తీరింది. రెండోదానికి రిటైర్మెంటు లేదు.

ఆ పొద్దున గురవమ్మ చాలా మెల్లగా మాట్లాడింది.

"ఏమయ్యా, ఇగో నీ కిలో వడ్లు. నవమికి రెండు నెలలుంది. ఇంటికో మగోడు ఒలవాలని ఆడోళ్ళమంతా అనుకున్నం."

భద్రాద్రి రాముడి పెళ్ళికి ఏడో నంబరు గని కాలనీ నుంచి ఏటా తలంబ్రాల బియ్యం పోతాయి. ఆ వడ్లను మిల్లు పట్టించకూడదు, దంచకూడదు. ఒక్కో గింజా గోటితో ఒలవాలి. ఇన్నేళ్ళూ ఆడవాళ్ళే ఒలిచారు. మగవాళ్ళు ప్రసాదం దగ్గర మాత్రం ముందు వరసలో ఉండేవారు.

"నా గోర్లు చూసినవానె? ముప్పై ఏండ్లు గనిల పంపు నడిపిన గోర్లు!"

"అందుకే గట్టిగుంటయి. కూసో."

కూర్చున్నాడు. సాయంత్రానికి పందొమ్మిది గింజలు ఒలిచాడు. అందులో నాలుగు కోడి తిన్నది. ఈ లెక్కన రాముడికి పెళ్ళయ్యేసరికి లవకుశులకు మనవలు పుడతారని తేల్చుకుని, మూడో రోజు మిట్టమధ్యాహ్నం కాలనీ అంతా కునుకు తీస్తుండగా, వడ్ల సంచి చంకలో పెట్టుకుని బజారులో వడ్లు, మిరపకాయలు పట్టే గిర్నీకి పోయాడు. ఐదు నిమిషాల్లో బియ్యం తెల్లగా మల్లెమొగ్గల్లా వచ్చాయి.

తిరిగి గుమ్మం దిగుతుండగా ఎదురుగా చాయ్ బండి బలరాం.

"పాణన్నా, ఏం పట్టించినవ్?"

"మిరపకాయలు" అన్నాడు సారంగపాణి, మీసాల నిండా తవుడుతో.

బలరాం నవ్వాడు. అంతే, ఇంకేం అనలేదు. కానీ ఆ నవ్వు సారంగపాణి వెంటే ఇంటికొచ్చి మంచమెక్కి పడుకుంది. వీడు ఎవరితోనైనా అంటే? రాముడి సొమ్మునే కల్తీ చేసినవాడంటే కాలనీలో తలెత్తుకోవడం ఎలా? ఆలోచించగా ఆలోచించగా ఒక ఉపాయం తట్టింది. వాడు చెప్పకముందే వాడి మాటకు విలువ లేకుండా చేస్తే సరి.

మర్నాడు బలరాం ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని తన వాటా వడ్లు ఒలుస్తున్నాడు. పక్కన పల్లీల పొట్లం ఉంది. ఒక పల్లీ నోట్లో వేసుకోబోతుండగా సారంగపాణి ఫోను టిక్కుమంది. ఫొటోలో పొట్లం రాకుండా ఒక పక్క కత్తిరించి, కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద ఇలా రాశాడు: "రాముడి తలంబ్రాలు పళ్ళతో కొరుకుతున్న మహానుభావుడు. నేనేమీ అనను. మీరే ఆలోచించండి."

"నేనేమీ అనను" అన్నవాడంత ప్రమాదకరమైనవాడు ఇంకొకడు లేడని పెద్దలు ఊరికే అనలేదు.

కాలనీ ఆలోచించలేదు. తిట్టింది. మొదటి తిట్టు సైరన్ సమ్మయ్యది. షిఫ్టు సైరన్ పాడైన రోజుల్లో ఆయన దగ్గితేనే జనం డ్యూటీకి పోయేవారని ప్రతీతి. "ఎంగిలి తలంబ్రాలు!" అని ఆయన పెట్టిన వాయిస్ మెసేజ్‌కు మూడు ఫోన్ల స్పీకర్లు పగిలాయంటారు. గ్రూపు నడిపే కుర్రవాడు, గని ఆఫీసు క్లర్కు వీరేందర్ తీర్పు చెప్పాడు: "ఈ రోజు నుంచి బలరాం క్యాన్సిల్. ఎవ్వరూ వాని చాయ్ తాగొద్దు."

"క్యాన్సిల్ అంటే ఏంది బిడ్డా?" అని సారంగపాణి అమాయకంగా ఫోను చేశాడు.

"వాడు ఉన్నా లేనట్టే కాకా. మాట్లాడొద్దు, పలకరించొద్దు."

"అట్లనా!" అనుకుని సారంగపాణి ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. తింటూ, "అన్నం ఇంత తెల్లగ, మల్లెపూలోలె ఉంది! ఏం బియ్యమే?" అన్నాడు.

"మంచి బియ్యమే" అంది గురవమ్మ, మెల్లగా.

ఎంత మెల్లగా అన్నదో అప్పుడే చెవిన పెట్టుకోవలసింది.

నిప్పు ఒక పొయ్యిలోనే ఉంటుందా? మూడో రోజు సైరన్ సమ్మయ్య అలవాటు చొప్పున బలరాం బల్ల మీద కూర్చున్నాడట. చాయ్ కూడా తాగలేదు, ఊరికే కూర్చున్నాడు. ఆయన్నీ క్యాన్సిల్ చేశారు. ఆయన్ని క్యాన్సిల్ చేయడం అన్యాయమన్న బావమరిదినీ చేశారు. ఆ బావమరిది రాసినదానికి బొటనవేలు చూపించిన పదకొండు మందినీ చేశారు. పేకాటకు నలుగురు దొరకడం మానేశారు. చివరికి బలరాం పెళ్ళాం ద్వాలి సాకే బర్రె మీదికి కూడా వచ్చింది. ఆ బర్రె పాలు ఎవ్వరూ పోయించుకోకూడదట. పాపం, దానికి ఫోను కూడా లేదు.

మర్నాడు పొద్దున సారంగపాణి ముందు నల్లటి చాయ్ గ్లాసు వచ్చింది.

"పాలేవే?"

"బర్రె క్యాన్సిల్ గదా."

"మనింటికి కూడానా?"

"ఫొటో పెట్టినోని ఇంట్లనే పాలు పోయించుకుంటే నలుగురేమంటరయ్యా? పెరుగు కూడ లేదు. పచ్చిపులుసు చేసిన."

ఐదు రోజులు పచ్చిపులుసు. ఆరో రోజు సారంగపాణి బజారు వైపు పోతే బలరాం బండికి గోనెపట్టా కప్పి ఉంది. ద్వాలి పోయించుకునేవాళ్ళు లేక నిండు క్యాను నెత్తిన పెట్టుకుని తిరిగి పోతోంది. ఈయన్ని చూసి తల దించుకుంది, తప్పు తనదే అయినట్టు. సారంగపాణి ఛాతీలో ఏదో గింజ అడ్డం పడింది. ఆ గింజ ఏ గోటికీ రాలేదు.

ఇంటికొచ్చి, "పిచ్చోళ్ళే జనం. ఒక్క ఫొటో చూసి ఇంత చేస్తరా?" అన్నాడు.

"రైలు క్యాన్సిలైతే తెల్లారి ఇంకోటొస్తది. మనిషి క్యాన్సిలైతే ఏమొస్తదయ్యా?" అంది గురవమ్మ. "రేపు రామాలయం కాడ మొదటి చూపులు. ఎవలెంత ఒలిచిన్రో తెచ్చి చూపియ్యాలె. నీది అయిందన్నవు గదా?"

"ఎ... ఎప్పుడో అయింది. మూట కట్టి అటక మీద పెట్టిన."

"అవ్, చూసిన" అంది.

మర్నాడు గుడి మండపంలో ఆడవాళ్ళంతా చేటలతో కూర్చున్నారు. మగవాళ్ళు స్తంభాలకు ఆనుకున్నారు. ద్వాలి తన మూట తెచ్చి ఒక మూలన నిలబడింది. బలరాం మెట్ల దగ్గరే ఆగిపోయాడు.

"ఆ బియ్యం మాకొద్దు" అన్నాడు వీరేందర్.

"నీకెవలు పెడుతున్నరు బిడ్డా, రాముడికి గదా" అని గురవమ్మ మూట అందుకుని చేటలో పోసింది. గింజలు ఎర్రెర్రగా, తవుడు పొర చెదరకుండా, ముక్కు విరగకుండా ఉన్నాయి. "పన్ను పెట్టి కొరికితే గింజ రెండయితది. ఇందుల ఒక్క నూక చూపియ్యుండ్రి, నేను కూడ తిడత."

అందరూ వంగి చూశారు. సైరన్ సమ్మయ్య కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశాడు. నూక లేదు.

"వీరేందరూ, గోటితో పోయేదానికి గొడ్డలి తెస్తివి. వాడు తిన్నది పల్లీనా వడ్లగింజనా అని ఒక్కడన్న అడిగిన్రా?"

వీరేందర్ మళ్ళీ చేట మీదికి వంగాడు.

"ఎర్రగుంటేనే గోటి బియ్యం" అంటూ గురవమ్మ రెండో మూట ముందుకు లాగింది. "తెల్లగుంటే మిల్లుదని లెక్క. ఇగ మా ఇంటాయనవి చూద్దామా?"

సారంగపాణికి ఆ క్షణంలో గని పైకప్పు చిటచిట వినిపించింది. గోటి బియ్యానికి రంగుంటుందని ఆయనకు ఎవరు చెప్పారు? ముప్పై ఏళ్ళు నలుపు తప్ప ఇంకో రంగు చూడనివాడు! ఇక తను క్యాన్సిల్. తన కోడి కూడా క్యాన్సిల్.

ముడి విప్పింది. లోపల ఉన్నవి వడ్లు. పొట్టుతో పదిలంగా, కిలో.

"ఒక్కటి కూడ ఒలవలే" అంది గురవమ్మ. "గోర్లు మెత్తనయి, చెప్పనీకి సిగ్గు. రేపటి సంది బలరాం బల్ల మీద కూసొని నేర్చుకుంటడట. నిన్న ఆయన ఫోనుల అసలు ఫొటో చూసిన. అండ్లకెల్లి పల్లీల పొట్లం కత్తిరించిన సంగతి గూడ గ్రూపుల తనే చెప్తడట. చెప్తవు గదయ్యా?"

"చెప్త" అన్నాడు సారంగపాణి. ఆ మాటకు పిల్లి కూతంత చప్పుడు కూడా రాలేదు.

దారిలో మెల్లగా అడిగాడు: "మరి ఆ... తెల్లబియ్యం?"

"మల్లెపూలోలె ఉందని రెండు పూటలు మెచ్చుకుంట తింటివి గదా!"

మరునాడు బండి మీది గోనెపట్టా లేచింది. వీరేందర్ అందరికన్నా ముందొచ్చి రెండు చాయ్‌లు తాగాడు. సారంగపాణి బల్ల చివర ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని కూర్చున్నాడు. గ్రూపులో ఆయన పెట్టిన క్షమాపణ కింద ఇరవై మూడు తిట్లు పడి ఉన్నాయి. ఫోను జేబులోంచి తీయడం లేదు.

"బలరాం, నన్ను గిర్నీ కాడ చూసినవు గదా. ఒక్క మాట అంటే నువ్వు బయటపడేటోనివి. ఎందుకనలే?"

బలరాం చాయ్ వడపోస్తూ తలెత్తలేదు. "చెప్తే నిన్ను గూడ గిట్లనే చేస్తరు గదన్నా. ఒక్కడు చాలనుకున్న."

సారంగపాణి చేతిలోని గింజను చాలాసేపు ఒలిచాడు. కళ్ళు మసకబారి పొట్టు కనపడలేదు.

బలరాం పల్లీల పొట్లం ముందుకు జరిపాడు. చేయి దానంతటదే పోయింది. పల్లీ నోటిదాకా వచ్చేసరికి ఎదురుగా, పాల గిన్నెతో గురవమ్మ. రెండో చేతిలో ఫోను.

"తిను, తిను" అంది, చాలా మెల్లగా. "నేనేమీ అనను."

సారంగపాణి పల్లీని జేబులో వేసుకుని, వడ్లగింజ అందుకున్నాడు.