మాలకొండయ్య దాచిన రహస్యం

ఆ రోజు పొద్దున్నే చెంచమ్మ చెల్లెల్ని చూసిరావడానికి జలదంకి బస్సెక్కింది. ఆమె మొగుడు మాలకొండయ్య ఆ ఘడియ కోసమే కాచుకుని ఉన్నాడు. ఆవు ఎదకు రావడం లేదని పెళ్లాం బెంగపెట్టుకుందని ఆయన నమ్మకం. లేకపోతే దానికి దొంగచాటుగా తవుడు పెట్టడమెందుకు, పొట్ట నిమురుతూ నిలబడిపోవడమెందుకు? పక్కింటి ఆనందమ్మ "ఆవెట్టా ఉండాది?" అని ముసిముసిగా నవ్వితే, వెక్కిరిస్తోందనుకున్నాడు.

ఉదయగిరి చెక్క గరిటెలు ఏయస్‌పేట అంగళ్లకు వేసి వచ్చే మాలకొండయ్య, దారిలో ఏ సంగతీ కడుపులో దాచుకున్న మనిషి కాదు. బతుకులో మొదటిసారి ఒక రహస్యం దాచబోతున్నాడు. ఊళ్లో పశువుల డాక్టరుకు చెబితే చెంచమ్మకు చేరిపోతుందని, పనిగట్టుకుని ఆత్మకూరు నుంచి షైనీ డాక్టరమ్మను పిలిపించాడు.

"ఎదను ఆపే హార్మోనే చూడిని కూడా నిలబెడతాది. ఈ సూది దాన్ని దించేస్తాది. ఖాళీ ఆవైతే ఎదకొస్తాది, చూడిదైతే దూడ పోతాది. ముందు చెయ్యి పెట్టి చూస్తాను," అంటూ డాక్టరమ్మ సంచిలోంచి చేతి తొడుగు తీసింది.

పెళ్లాం ఎక్కడ వచ్చేస్తుందోనని మాలకొండయ్యకు కాలు నిలవడం లేదు. "వద్దులే డాక్టరమ్మా, అది తంతాది. నాకు తెలీకుండా మా ఇంట్లో ఏం జరుగుతాది?" అని, అది ఖాళీదేనని ఆవు మెడ మీద చెయ్యేసి ఒట్టు వేశాడు. ఆమె నమ్మి సూది వేసింది.

మూడోనాడు ఆవు అరుస్తుంటే ఆయన వంటింట్లోకి పరిగెత్తాడు. "నీ బెంగ తీర్చినాను చెంచమ్మా. సూది వేయించినాను, ఆవు ఎదకొచ్చింది."

చెంచమ్మ గరిటె పట్టుకునే కొట్టంలోకి పోయి, ఆవు తోక కింద నెత్తురు చూసి కూలబడింది. "అది చూడిదయ్యా. నువ్వు నెల్లూరు పోయినప్పుడు ఆంబోతుకు కట్టించినాను."

"నాకెందుకు చెప్పలా?"

"పోయినసారి చెప్పినాను గదా. బస్సు కండక్టరుతో సహా ఊరంతా చెప్పినావు. దిష్టి తగిలి దూడ దక్కలా. అందుకే ఈసారి ఆనందమ్మకీ, మన డాక్టరుకీ తప్ప ఎవరికీ తెలీనీలా."

మాలకొండయ్య ఆవు మెడ మీద చెయ్యి వేయబోయాడు. ఒట్టు వేసింది ఆ చేత్తోనేనని గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు. డాక్టరమ్మను చెయ్యి పెట్టి చూడనిచ్చి ఉంటే సరిపోయేదే అన్న బాధ ఆయన్ను చాలా రోజులు నమిలింది.

వానలు పడ్డాక ఆవు మళ్లీ చూడి కట్టింది. ఈసారి చెంచమ్మ మొదట మొగుడికే చెప్పింది. బస్సులో కండక్టర్ ఆవు సంగతి అడిగితే, "ఇంకా ఎదకే రాలేదబ్బా," అన్నాడు మాలకొండయ్య.

ఆత్మకూరులో దానికి మంచి సూది ఉందని వెనక సీటాయన సలహా చెప్పాడు.