మస్కట్ పెట్టెలకు మెరుగు

ఆదివారం పొద్దున అత్తామామలు కొండగట్టు బస్సెక్కగానే నవత వీధి తలుపుకు గడియ పెట్టి, కొంగు నడుముకు చెక్కి, ముందుగదిలో నిలబెట్టిన రెండు పెట్టెల మీది ముసుగు లాగేసింది. మామ రాయమల్లు ఎప్పుడో మస్కట్‌లో పనిచేసి తిరిగొస్తూ తెచ్చుకున్న చెక్క స్పీకర్లవి. నడుమెత్తు ఉంటాయి. ఏళ్ల తరబడి అగరుబత్తి మసి పట్టి నల్లబడ్డాయి.

కాపురానికి వచ్చినప్పటి నుంచి మామ ఆమెతో అన్నవి రెండే మాటలు. బువ్వ పెట్టమని, ఫ్యాను బంద్ చెయ్యమని. సాయంత్రానికల్లా ఆ పెట్టెలు మెరిసిపోతుంటే, వాటిలో పాత పాట మోగుతుంటే, మామ ముఖం ఎలా వెలుగుతుందో తలుచుకుని నవత రాత్రంతా నిద్రలోనే నవ్వుకుంది.

"బాపు వాటిని ఎవ్వల్ని ముట్టనియ్యడు నవతా," అని భర్త సంపత్ నసిగాడు. నసుగుతూనే భార్య ముఖం చూసి మెత్తబడి, గరుకు కాగితం చేతికిచ్చి, పాలిష్ కొనడానికి బండి మీద టవర్ సర్కిల్ వైపు పోయాడు.

మొదటి రుద్దుడుకే మసి వదిలి టేకు తేనె రంగులో బయటపడింది. ఆ సంబరంలో నవత చెయ్యి ఆగలేదు. ఫోన్‌లో చూసిన వీడియోలో వడ్రంగి కూడా ఇలాగే రుద్దాడు. అయితే ఆయన రుద్దింది గట్టి చెక్కను. ఇక్కడ ఉన్నది రంపపు పొట్టును నొక్కి చేసిన పలక, దాని మీద కాగితమంత పల్చగా అతికించిన టేకు పొర. ఆ తేడా నవతకు అర్థమయ్యేసరికి పెట్టె నెత్తిన అరచెయ్యంత మేర పొర లేచిపోయి, అటుకుల ముద్ద లాంటి పొట్టు కనిపించింది.

ఇంట్లో టేకు రంగుకు దగ్గరగా ఉన్నది చాయ్ డికాషన్ ఒక్కటే. చిటికెడు పసుపు కలిపి గుడ్డతో అద్దింది. రంగు అచ్చం కుదిరింది. చప్పట్లు కొట్టుకుని మళ్లీ చూసేసరికి ఆ చోటు పూరీలా పొంగుతోంది. లోపలి నుంచి ఆరబెడితే దిగుతుందేమోనని మరలు విప్పి, ముందున్న గుండ్రటి స్పీకరును ఊడదీసి మంచం మీద పడుకోబెట్టి, లోపల కుక్కిన దూదంతా లాగి, జుట్టు ఆరబెట్టే మిషనుతో సహా చెయ్యి భుజం దాకా పెట్టెలోకి దూర్చింది.

గడియ పెట్టింది వీధి తలుపుకే. పెరటి తలుపులోంచి కరివేపాకు కోసం వచ్చిన పక్కింటి సక్కుబాయి గుమ్మంలోనే ఆగిపోయింది.

"మీ మామ లేంది జూసి పెట్టె ఇప్పినవా పిల్లా?"

నవత పెట్టెలోంచి చెయ్యి లాగేసుకుంది. "అక్కా, నీ కాళ్లు మొక్కుత. మామకు మాత్రం చెప్పకు."

సక్కుబాయి గుండె మీద చెయ్యి వేసుకుని మాటిచ్చింది. మాట నిలబెట్టుకుంది కూడా. రాయమల్లుకు తప్ప అందరికీ చెప్పింది.

కాసేపటికి పెద్దపల్లి నుంచి ఆడబిడ్డ మమతారాణి ఫోన్ చేసింది. తాను బస్సెక్కుతున్నానని, వచ్చేదాకా రెండో పెట్టె జోలికి పోవద్దని, బాపుకు కూడా చెప్పానని గట్టిగా అంది. పొర లేచిన సంగతి అప్పుడే పెద్దపల్లి దాకా పోయిందా అని నవత హడలిపోయింది. ఇక మామ ముఖం చూసేదెట్లా? ఈ ఇంట్లో తిరిగేదెట్లా?

పాలిష్ డబ్బాతో వచ్చిన సంపత్‌కు అరుగు మీద సగం గల్లీ కనిపించింది. నవత గడియ తీస్తే అతను ఉబ్బిన చెక్కను చూడనే లేదు. పెట్టెలోకి తొంగిచూసి, మెల్లగా అడిగాడు.

"లోపల ఏమన్న ఉండెనా?"

"దూది."

"దూది కింద?"

అప్పుడు సంపత్ చెబితే తెలిసింది నవతకు. రాయమల్లు ఆ పెట్టెల్లో బంగారం దాచి తెచ్చాడని గల్లీ అంతా నమ్ముతుందట. చిన్నప్పటి నుంచి సంపత్ కూడా నమ్ముతున్నాడట. ఇప్పుడు వాళ్లందరి లెక్కలో, మామ లేని పూట చూసి పెట్టె తవ్విన కోడలు తను. చెక్క పాడుచేసిందన్న పేరే నయమనిపించింది.

మమతారాణి వచ్చీ రాగానే స్క్రూడ్రైవర్ అందుకుని, తెరిస్తే పదిమంది ముందే తెరవాలంటూ రెండో పెట్టె ముందు కూర్చుంది. మొదటి మర సగం తిరిగేసరికి ఆటో ఆగింది. నుదుట సిందూరంతో రాయమల్లు, వెనకే ఆయాసపడుతూ అత్త దిగారు. నవత ఉబ్బిన చెక్క మీద కొంగు కప్పి నిలబడింది. ఆయన అటు చూడలేదు. నేరుగా వచ్చి రెండో పెట్టె మీద కూర్చున్నాడు.

"లోపల ఏమున్నదో చెప్పు బాపూ. నేను నీ బిడ్డనే గదా," అంది మమతారాణి.

"ఏం లేదు బిడ్డా."

గుమ్మం బయట అరుగంతా తలలూపింది. అంత నింపాదిగా లేదన్నాడంటే కిలోకు తగ్గదని ఎవరో గొణిగారు.

రాయమల్లు లేచి, సంపత్‌ను కాపలా కూర్చోబెట్టి, కోడలిని వంటింట్లోకి పిలిచాడు. నవతకు కళ్లనీళ్లు ఆగలేదు.

"తప్పయింది మామా. మెరుగు పెడదామనుకున్న. చాయ్ అద్ది ఉబ్బిచ్చిన."

"అది పోనీ బిడ్డా." ఆయన ఒకసారి తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "దూదే ఉన్నదని ఎవ్వలకన్న చెప్పినవా?"

సంపత్‌కు తప్ప ఎవరికీ చెప్పలేదంది.

"కంపెనీ మూతపడ్డది. జీతం ఇయ్యలే. సేటు పారేసిన గీ డబ్బాలు పట్టుకొని వచ్చిన. బస్టాండ్ల దిగంగనే బంగారం తెచ్చిండన్నరు. కాదనబుద్ధి కాలే. గప్పటి సంది గా మాట మీదనే తలెత్తుకొని తిరుగుతున్న. ఇయ్యాల్టితోని పోతది."

పొద్దుటి నుంచి తనను తింటున్న భయం కన్నా పెద్ద భయాన్ని ఈయన ఇన్నేళ్లు ఒక్కడే మోశాడా అనుకుంది నవత. కళ్లు తుడుచుకుని, దండెం మీది పాత చీర లాగి, ముందుగదిలోకి నడిచింది.

కింద పడున్న దూదినంతా చీరలో మూటగట్టింది. రెండు చేతులా ఎత్తబోయి, ఎత్తలేనట్టు ఆగి, ఊపిరి పీల్చుకుంది. "వదినా, జర ఆ తలుపు దగ్గరికెయ్యి. అందరు చూస్తుండ్రు," అంది. మమతారాణి గుటక మింగి తలుపు వేసింది. అరుగు మీద ఉన్నవాళ్లంతా కిటికీకి చేరారు. నవత నడుము వంచి, పళ్లు బిగించి, మూటను పెట్టెలోకి దించింది. సంపత్ మరలు బిగించాడు. రాయమల్లు గోడకు ఒరిగి, కోడలిని చాయ్ అడిగాడు. తనకూ ఒకటి పోసుకొమ్మన్నాడు.

పెట్టె నెత్తిన ఆ ఉబ్బు మళ్లీ దిగలేదు. బంగారం సర్దేటప్పుడు లోపల జాగ చాలలేదని సక్కుబాయి గల్లీకంతా వివరించింది.