క్యోటోలో ఉపవాసం

"మనిషి సంస్కారం అతను తిన్నదాంట్లో ఉండదు, తినకుండా వదిలేసినదాంట్లో ఉంటుంది!"

నగోయాలోని ఒక రంగుల కంపెనీలో డైరెక్టరు హనబుసా ఈ మహావాక్యం పలకగానే ఉద్యోగులంతా తలలు వంచారు. ఖాళీ కాబోతున్న బ్రాంచి మేనేజరు కుర్చీ ఎవరికివ్వాలో తేల్చేది ఆయనే మరి! ఆదివారం క్యోటో వెళ్లి, మఠంలో నాచుతోట ముందు ఉపవాసం కూర్చుంటానని కూడా ఆయన ప్రకటించారు.

"మేమూ క్యోటోకేనండీ! నేనూ నా భార్యా అక్కడ మౌనం పాటిస్తాం" అన్నాడు కురమోచి. ఆ కుర్చీ మీద అతనికి ఏళ్ల తరబడి కన్ను.

ఆ మౌనం ముచ్చట ఏమని చెప్పేది! ఆదివారం పొద్దున అతని భార్య సయోకో క్యోటోలో రైలు దిగింది, ఒక గుడి ముందు భర్తతో ఫోటో దిగింది, లోపలికైనా తొంగిచూడకుండా ఒసాకా రైలెక్కింది.

ఒసాకాలో కాలువ ఒడ్డున వేడివేడి ఆక్టోపస్ ఉండలు తిని ఇద్దరూ నాలుకలు కాల్చుకున్నారు. క్యాబేజీ అట్టుతో ఆ మంట చల్లార్చారు. టవరెక్కి ఊరంతా చూశారు. అంటే, ఊరు చూసింది సయోకో. కురమోచి టోపీ కళ్లదాకా దించి, మాస్కు తగిలించి, తెలిసినవాళ్లెవరైనా ఉన్నారేమోనని జనాన్ని చూశాడు.

"తినడానికొచ్చామా, దొంగతనానికొచ్చామా?"

"మెల్లిగా సయోకో! ఇప్పుడు మనం క్యోటోలో మౌనంగా ఉన్నాం."

"అలాగా! ఆ మౌనానికి ఇంకో ప్లేటు చెప్పమంటారా?"

టవరు కింద ఒక కొట్టు. మాంసం, ఉల్లిపాయ పుల్లలకు గుచ్చి నూనెలో వేయించి ఇస్తారు. నిలబడి తినాలి. సాస్ తొట్టి అందరికీ ఒక్కటే. కాబట్టి ఒసాకా ధర్మశాస్త్రంలో ఒకే ఒక్క సూత్రం: పుల్లను ఒక్కసారే ముంచాలి. కొరికాక ముంచడం మహాపాపం!

సయోకో పక్కన నల్లకళ్లద్దాల ముసలాయన ఒకడు ఆబగా ఒక పుల్ల కొరికాడు. అటూ ఇటూ చూశాడు. కొరికిన పుల్లనే మళ్లీ ముంచాడు!

"ఎవరయ్యా అది?" కొట్టు యజమానురాలు గరిటె ఎత్తింది. "తొట్టిలో ముక్క తేలుతోంది! ఎవరి ఎంగిలి?"

ఉలిక్కిపడ్డ ముసలాయన ముక్కు మీంచి కళ్లద్దాలు జారాయి. హనబుసా! ఉపవాసం రెండు బుగ్గల్లోనూ నిండుగా ఉంది!

కురమోచి మాస్కు అప్పటికే గడ్డం కింద ఉంది. డైరెక్టరు అతన్ని చూశారు. తొట్టిని చూశారు. మళ్లీ అతన్నే చూశారు. ఇన్నేళ్ల ఉద్యోగానుభవం ఊరికే పోతుందా!

"నేనేనమ్మా, పొరపాటైంది" అన్నాడు కురమోచి.

"పొరపాటా? తొట్టెడు సాస్ పారబోయించావు కదయ్యా! పెళ్లాన్ని వెంటేసుకొచ్చావు, ఆవిడైనా చెప్పలేదా? నడవండి బయటికి!"

సయోకో నోరు తెరిచింది. భర్త కాలు తొక్కాడు. జనమంతా ఛీకొడుతుంటే వెనకనుంచి డైరెక్టరు గొంతు గంభీరంగా వినిపించింది: "ఈ శరత్కాలం క్యోటోలో ఆకులు బాగా ఎర్రబడ్డాయి కదూ, కురమోచీ!"

"అవునండీ! మనసు నిండిపోయింది!"

బయటికొచ్చాక కురమోచి సంబరంగా చేతులు రుద్దుకున్నాడు. "కుర్చీ మనదే. ఆయన గుట్టు మన గుప్పిట్లో ఉంది."

నిజంగానే వారం తిరక్కుండా కుర్చీ వచ్చింది. అభినందన సభలో హనబుసా కన్నీళ్లు పెట్టుకున్నారు. "నాచుతోట ముందు ఈయన మౌనాన్ని కళ్లారా చూశాను! ఇలాంటి మనిషిని నగోయా రొద మధ్య ఉంచడం పాపం. అందుకే దేశానికి ఉత్తరపు కొసన, సముద్రం గడ్డకట్టే చోట, ఈయన కోసమే కొత్త బ్రాంచి తెరుస్తున్నాం. సగం ఏడాది మంచు. పలకరించేవాడు ఉండడు. ధ్యానానికి స్వర్గం!"

చప్పట్లు మారుమోగాయి. కురమోచి నడుం విరిగేలా వంగి కృతజ్ఞతలు చెప్పుకున్నాడు. అతని పక్కనే అంతకంటే లోతుగా వంగిన సయోకో, తలెత్తకుండానే భర్త చెవిలో అంది:

"పుల్ల ముంచింది ఆయన. మునిగింది మనం."