వేస్టు కోసం ఓ కొత్త తాను

చొక్కాలు కత్తిరించగా మిగిలిన గుడ్డ ముక్కల్ని మిషనులో వేసి చీల్చి, దూది చేసి, ఆ దూదితో మళ్ళీ నూలు వడికే విభాగం ఒకటి ఆ ఫ్యాక్టరీలో ఉంది. దాని మేనేజర్ని అందరూ పీలికల మేనేజరనే అంటారు. ఆయన నొచ్చుకోడు. ఆ దూదిని చేత్తో తడిమి చూసుకుని మురిసిపోవడంలోనే ఆయనకు సగం రోజు గడిచిపోతుంది. ఆ పొద్దున మాత్రం అంత తీరిక లేదు. మధ్యాహ్నానికి నూలు కొనే ఆవిడ వస్తోంది. ముక్కలు మిషనులోకి వెళ్ళి దూదై రావడం కళ్ళారా చూస్తేనే ఆర్డరిస్తానంది. ఆర్డరు రాకపోతే విభాగం మూసేస్తానని యజమాని ముందే చెప్పేశాడు.

ఫ్యాక్టరీలో శుభ్రత చూసే పని మేనేజరు బావమరిదిది. భార్య పోరు పడలేక ఆయనే పెట్టించిన ఉద్యోగం. ముందురోజు అతన్ని పిలిచి, "ఆవిడ వచ్చేసరికి షెడ్డు అద్దంలా ఉండాలి. చెత్తన్నది కంటికి కనపడకూడదు" అని చెప్పాడు. పుట్టి బుద్ధెరిగాక బావమరిది ఒక పని పూర్తిగా చేసింది అదే మొదటిసారి.

మేనేజరు వచ్చేసరికి షెడ్డు నిజంగానే అద్దంలా ఉంది. ముక్కల మూట ఒక్కటీ లేదు.

"మూటలేవిరా?"

"మునిసిపాలిటీ లారీకి ఎక్కించేశాను బావా. ఎన్నాళ్ళ చెత్తో, లారీ రెండుసార్లు తిరిగింది."

"అది చెత్త కాదురా, నా సరుకు."

"అక్క ఒక్క మాటైనా చెప్పలేదే" అన్నాడు బావమరిది.

మేనేజరు ముక్కల కోసం కటింగు గదికి పరుగెత్తాడు. అతిథి వస్తోందని అక్కడా ఊడ్చి, తుడిచి పెట్టారు. ఇక గత్యంతరం లేక గోదాములోంచి కొత్త గుడ్డ తాను ఒకటి తెప్పించి కటింగు మాస్టరు ముందు పడేశాడు.

"ఏం కత్తిరించమంటారు సార్?"

"ఏదైనా సరే. నాకు ముక్కలు కావాలి. బాగా వేస్టు చెయ్యండి, చాలు."

మాస్టరు జానెడు గుడ్డ వృథా చేసినా చీవాట్లు తింటూ పెరిగిన మనిషి. ఆయన ఒప్పుకున్నా చెయ్యి ససేమిరా అంది. మేనేజరు మిషను సరిచూసుకుని వచ్చేసరికి తానంతా చొక్కాలకు పొందిగ్గా కత్తిరించేసి ఉంది. మిగిలినవి రెండు గుప్పిళ్ళ ముక్కలు.

"ఎంత ప్రయత్నించినా ఇంతకంటే పోలేదు సార్" అన్నాడు మాస్టరు బాధగా.

"పోనీ, కత్తిరించినవే ఇటివ్వండి."

"అవి కుట్టడానికి పట్టుకెళ్ళిపోయారండి."

కుట్టు గదిలో వాళ్ళు కూడా అతిథి కోసం ఎన్నడూ లేని చురుకుతనంతో ఉన్నారు. మేనేజరు రొప్పుతూ వెళ్ళేసరికి చొక్కాలకు గుండీలు కూడా కుట్టేశారు. గుండీలతో మిషనులో వేస్తే మిషను పళ్ళు విరుగుతాయి. కుట్టినవాళ్ళనే బతిమాలి షెడ్డుకి తీసుకొచ్చి, కుట్లు విప్పించడం మొదలుపెట్టాడు.

సరిగ్గా అప్పుడే యజమాని ఆవిణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. ఆవిడ ఒక చొక్కా తీసి, కాలరు తిప్పి, కుట్లు లాగి చూసింది.

"ఏమిటివి?"

"వేస్టు మేడమ్."

"లోపమేముంది ఇందులో?"

మేనేజరుకి అబద్ధం చేతకాదు. "ఏమీ లేదండి. పొద్దున్నే కుట్టాం."

"పొద్దున కుట్టి, అప్పుడే పనికిరావని తీసేశారా?" ఆవిడ యజమాని వైపు తిరిగింది. "ఇంత పట్టింపు నేనెక్కడా చూడలేదు."

యజమానికి ఏమీ అర్థం కాలేదు. అయినా వినయంగా నవ్వాడు.

"నిజం చెబుతున్నాను మేడమ్, ఇవి మంచివే" అని మేనేజరు మొత్తుకున్నాడు.

"నాకూ అలాగే కనిపిస్తున్నాయి. ఇవే మీ కంటికి ఆనలేదంటే, మీ మంచి సరుకు ఎలా ఉంటుందో ఊహించుకోగలను. వీటిని చీల్చకండి. నాకు నూలొద్దు. మీ వేస్టు ఉన్నదున్నట్టుగా పంపండి."

ఆర్డరు ఖాయమైంది. విభాగం నిలిచింది. ఆవిణ్ణి సాగనంపి వచ్చి యజమాని మేనేజర్ని కౌగలించుకున్నాడు. మేనేజరుకి మాత్రం ఆగి ఉన్న మిషనుని చూస్తే ఏడుపొచ్చింది.

"మరి నా దూది సంగతి?"

"అది తర్వాత చూద్దాం. ముందా మిషను పక్కకి జరిపించు, కుట్టు మిషన్లకి చోటు కావాలి."

ఇప్పుడు పీలికల విభాగంలో కొత్త తానులతో రెండు పూటలా చొక్కాలు కుట్టి, ఒక్కోదాన్నీ జాగ్రత్తగా పరీక్షించి, ఏ లోపమూ లేనివాటిని మాత్రమే వేస్టు కింద పంపుతున్నారు.