ఇంట్లో కాల్షియం పడిపోయింది

ఆ గురువారం పొద్దున పిచ్చేశ్వరరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. హాల్లో ఉన్న నాలుగడుగుల అక్వేరియం అద్దాలు తుడవాలి, నీళ్ళు పరీక్ష చేయాలి, పదకొండింటికి విజయవాడ నుంచి వచ్చే సుష్మితకు తన పగడాన్ని చూపించి ఔరా అనిపించుకోవాలి. సుష్మిత అక్వేరియం పెంచేవాళ్ళ సంఘానికి కార్యదర్శి. పగడం నచ్చితే చిన్న ముక్క కోసి పట్టుకెళ్ళి, వచ్చే నెల ప్రదర్శనలో పెడతానంది. ఆ ఊహతోనే అతనికి రెండు రోజులుగా ఇడ్లీ రుచి తెలియడం లేదు.

పిచ్చేశ్వరరావు బందరులో ఇరిగేషన్ ఆఫీసు ఉద్యోగి. సముద్రాన్ని ఊరి పక్కన పెట్టుకుని, ప్యాకెట్లలో ఉప్పు కొనుక్కొచ్చి ఇంట్లో సముద్రపు నీళ్ళు తయారుచేసుకునే మనిషి ఇతనొక్కడేనని ఆఫీసులో నవ్వేవారు. అతను పట్టించుకోలేదు. పెంపకం కేంద్రం నుంచి బొటనవేలంత ముక్కగా తెచ్చిన పగడం రెండేళ్ళలో కొమ్మలు వేసి, అరచేయంత గులాబీరంగు చెట్టయింది. పగడం రాయిలా కనిపించినా ప్రాణి. నీళ్ళలో ఉన్న కాల్షియంతోనే ఒళ్ళు కట్టుకుంటుంది.

అందుకే ఆ పొద్దున అద్దాలు తుడవగానే చిన్న గాజు సీసాలో అక్వేరియం నీళ్ళు పోసి, పరీక్ష మందు చుక్కలు లెక్కపెడుతూ వేస్తున్నాడు. మందుతో గులాబీరంగుకు తిరిగిన నీళ్ళు ఇరవై ఒకటో చుక్కకు నీలంగా మారితే కాల్షియం ఉండాల్సినట్టే నాలుగొందల ఇరవై ఉన్నట్టు.

"ఏవండీ, నా డ్రైవింగు టెస్టుకి టైమైంది, వెళ్ళొస్తాను" అంది అతని భార్య మాధవి, హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుంటూ. "ఆల్ ది బెస్ట్ చెప్పరా?"

"పదమూడు... పద్నాలుగు..."

"మీ టెస్టు ముందు నా టెస్టు ఎంతలెండి!" అని ఆవిడ వెళ్ళిపోయింది.

పదహారో చుక్కకే నీళ్ళు నీలమయ్యాయి. అంటే మూడొందల ఇరవై! పిచ్చేశ్వరరావు పరుగెత్తి పగడాన్ని చూశాడు. కొమ్మల కొసలు తెల్లగా ఉన్నాయి. ఒళ్ళంతా పూలలా విచ్చుకుని ఉండే బుల్లి నోళ్ళన్నీ మూసుకుని ఉన్నాయి. వెంటనే పై అధికారి గోవర్ధనరావు గారికి ఫోన్ చేశాడు.

"సార్, ఇవాళ సెలవు కావాలండి. మా ఇంట్లో కాల్షియం బాగా పడిపోయిందండి."

కృష్ణా జిల్లాలో "మా ఇంట్లో" అంటే భార్య అని గోవర్ధనరావు గారికి ఒకరు చెప్పనక్కర్లేదు. పైగా మాధవి సంబంధం కుదిర్చింది ఆయనే.

"అయ్యయ్యో! ఇప్పుడెలా ఉందయ్యా?"

"తెల్లగా పాలిపోయిందండి. పొద్దున్నించీ నోరు తెరవట్లేదు."

"డాక్టరుకి చూపించావా?"

"డాక్టరెందుకండీ? నేనే పొడి తెప్పించి పెట్టాను. బకెట్లో కలిపి కొంచెం కొంచెంగా పోస్తాను."

"బకెట్టుతోనా!" గోవర్ధనరావు గారు కుర్చీలోంచి లేచిపోయారు. "అంత సొంత వైద్యం వద్దయ్యా. పోనీ మేమొచ్చి ఆసుపత్రికి తీసుకెళ్తాం."

"కదపకూడదండి. కదిపితే ఎక్కడికక్కడ విరిగిపోతుంది" అని, పొడి డబ్బా కోసం వెతుక్కోవాలి కాబట్టి పిచ్చేశ్వరరావు ఫోన్ పెట్టేశాడు.

గోవర్ధనరావు గారు వెంటనే గుడివాడలో ఉన్న మాధవి తల్లి సత్యవతమ్మకు ఫోన్ చేశారు. ఆవిడ ఆయనకు పిన్ని వరస. "పిన్నీ, కంగారు పడకు. మన మాధవికి ఎముకలు విరిగిపోతున్నాయట. అల్లుడు బకెట్టుతో ఏదో పోస్తున్నాడు" అన్నారు. కంగారు పడకు అన్న ముక్క తప్ప మిగతాదంతా ఆవిడకు స్పష్టంగా వినబడింది. కూతురికి ఫోన్ చేసింది. టెస్టు కోసం మాధవి ఫోన్ ఆపేసి ఉంది. అల్లుడికి చేసింది.

"బాబూ, దానికెలా ఉంది?"

పిచ్చేశ్వరరావు కళ్ళు చెమర్చాయి. ఆ అక్వేరియాన్ని చూసినప్పుడల్లా "చేపలు పులుసుకి గానీ పూజకా?" అని దెప్పే అత్తగారు ఇవాళ తనంతట తాను పగడం క్షేమం అడుగుతోంది. మాధవే చెప్పి ఉంటుందనుకున్నాడు.

"మీరు అడిగారు, అంతే చాలండి అత్తయ్య గారూ! ఏమీ బాలేదు. పదకొండింటికి సుష్మిత గారొస్తున్నారు. పాడైన కొమ్మల్ని కోసేయమంటాను. మంచి ముక్క ఒకటి ఆవిడే పట్టుకెళ్తారు."

"కోసేస్తారా!"

"ముందే కోస్తే మిగతాదైనా బతుకుతుందండి."

"అది... అది ఒప్పుకుందా?"

"దాన్నడిగేదేవిటండీ!" అని నవ్వాడు పిచ్చేశ్వరరావు. "దానికేం తెలుస్తుంది? సుష్మిత గారిది భలే చేయి. కట్‌మని కోసేస్తారు."

అటువైపు నుంచి కేక వినబడి లైను తెగిపోయింది. అత్తగారికి పగడం మీద ఇంత ప్రేమ ఉందని తెలియక ఇన్నాళ్ళూ అపార్థం చేసుకున్నానని అతను నొచ్చుకున్నాడు. సత్యవతమ్మ మాత్రం కట్టుచీరతో కారు మాట్లాడుకుని, పామర్రు దాటేదాకా డ్రైవరును తిడుతూనే, దేవుళ్ళకు మొక్కుతూనే ఉంది.

పదకొండు కాకముందే పిచ్చేశ్వరరావు ఇంటి ముందు గోవర్ధనరావు గారి కారు ఆగింది. వెనకాలే అంబులెన్సు ఆగింది. కారులోంచి ఆయనతో పాటు ఆఫీసు టైపిస్టు గ్రేస్, ఉడికించిన కోడిగుడ్ల క్యారేజీతో దిగింది. పక్కింటివాళ్ళు గోడమీంచి తొంగిచూశారు. పిచ్చేశ్వరరావు స్టూలెక్కి, మోచేతుల దాకా తడిసి, బకెట్లో పొడి కలుపుతున్నాడు.

"ఎక్కడ పడుకోబెట్టావయ్యా?" అన్నారు గోవర్ధనరావు గారు రొప్పుతూ.

"హాల్లోనే ఉందండి, రండి సార్! లైటు వేస్తాను, బాగా కనిపిస్తుంది" అన్నాడు పిచ్చేశ్వరరావు. ఆఫీసులో నవ్వినవాళ్ళే పరామర్శకొచ్చారని అతనికి ఛాతీ ఉప్పొంగింది. స్ట్రెచరు ఎందుకొచ్చిందో అర్థం కాలేదు గానీ, పగడాన్ని కుదుపు లేకుండా మోయడానికి అదీ మంచిదే అనుకున్నాడు.

సరిగ్గా అప్పుడే సుష్మిత వచ్చింది. ఇంతమంది జనాన్ని చూసి, పగడానికి ఇందరు అభిమానులున్నారా అని ఆశ్చర్యపోయింది. బ్యాగు తెరిచి చేతులకు గ్లౌజులు వేసుకుంది. ఎముకలు నరికే ఉక్కు కత్తెర తీసి బల్ల మీద పెట్టింది. పగడాలు కోయడానికి అందరూ వాడేది అదే.

ఆ కత్తెర మీద మొదట పడిన చూపు, గుమ్మంలో అడుగుపెట్టిన సత్యవతమ్మది.

"నా కూతుర్ని కోసి ముక్క పట్టుకుపోతావటే!" అంటూ ఆవిడ ఒక్క ఉదుటున వచ్చి కత్తెర లాక్కుంది. "పెట్టి పుట్టిన పిల్లే అది! దాన్ని చూడకుండా నేను కదలను. ఏదీ నా తల్లి?"

"అమ్మా, చివర ఒక్క అంగుళమేనండీ. మళ్ళీ మొలుస్తుంది" అంది సుష్మిత బెదిరిపోయి.

"మొలుస్తుందా!"

అంబులెన్సు మనిషి ముందుకొచ్చాడు. "సార్, పేషెంటు ఎక్కడండీ?"

పిచ్చేశ్వరరావు అక్వేరియంలోకి వేలు చూపించాడు. అందరూ నీళ్ళలోకి చూశారు. ఒక నారింజరంగు చేప వాళ్ళను తిరిగి చూసింది.

"మరి మాధవి?" అన్నారు గోవర్ధనరావు గారు నెమ్మదిగా.

"డ్రైవింగు టెస్టుకి వెళ్ళిందండి. ఎందుకండీ?"

తర్వాత కాసేపు ఎవరు ఎవర్ని తిట్టారో చెప్పడం కష్టం. సత్యవతమ్మ అల్లుణ్ణి తిట్టింది, కూతురు క్షేమమని మధ్యలో ఏడ్చింది, మళ్ళీ తిట్టింది. గోవర్ధనరావు గారు "ఇంట్లో అంటే ఏమనుకోవాలయ్యా!" అని అరిచారు. గ్రేస్ ఏం చేయాలో తోచక అందరికీ తలో గుడ్డు పంచింది. అంబులెన్సు వాళ్ళు ఇంకెక్కడినుంచో పిలుపు వస్తే, గుడ్డు తింటూనే వెళ్ళిపోయారు.

ఈ గోలలో సుష్మిత ఒక్కతే తన పని తాను చేసుకుంది. తన దగ్గరున్న మందుతో నీళ్ళు పరీక్షించి గట్టిగా పిలిచింది.

"పిచ్చేశ్వరరావు గారూ! కాల్షియం నాలుగొందల ఇరవై ఉందండీ. మీ మందుకి గడువు ఎప్పుడో అయిపోయింది."

"మరి ఆ తెలుపు?"

"అది జబ్బు కాదండీ, ఎదుగుదల! కొత్తగా పెరిగే కొస తెల్లగానే ఉంటుంది. పొద్దున్నే చేతులు పెట్టి అంతలా కెలికితే ఏ ప్రాణి మాత్రం నోరు తెరుస్తుంది? ఇంత ఆరోగ్యంగా ఉన్న పగడాన్ని ఈ మధ్య నేను చూడలేదు. ప్రదర్శనలో మొదటి వరసలో పెడతాను."

పిచ్చేశ్వరరావు గాల్లోకి ఎగిరాడు. ఆనందం పట్టలేక ఎదురుగా ఉన్న మనిషిని గట్టిగా కావలించుకున్నాడు. ఆ మనిషి గోవర్ధనరావు గారు. పదిహేనేళ్ళ సర్వీసులో కింది ఉద్యోగి ఎవరూ అలా మీద పడని ఆయన, ఉలిక్కిపడి వెనక్కి రెండడుగులు వేశారు. రెండో అడుగు బకెట్లో పడింది. ఆయన, బకెట్టు, కాల్షియం నీళ్ళు కలిసి నేల మీద పరుచుకున్నాయి.

"అమ్మో, నా చెయ్యి!"

"అంబులెన్సు ఏదీ?" అన్నాడు పిచ్చేశ్వరరావు. అది అప్పటికే వీధి మలుపు తిరిగింది.

అప్పుడు గుమ్మంలో మాధవి ప్రత్యక్షమైంది. "ఏవండీ, పాసయ్యాను! రివర్సు కూడా ఒక్కసారికే..." అంటూ లోపలికొచ్చి, నేలమీద గోవర్ధనరావు గారిని, చేతిలో కత్తెరతో తల్లిని, నోట్లో గుడ్డుతో భర్తను చూసి ఆగిపోయింది. ఏం జరిగిందని అడిగితే నలుగురూ ఒకేసారి చెప్పారు. ఆవిడ వినలేదు. గోవర్ధనరావు గారి జేబులోంచి కారు తాళాలు తీసుకుంది.

మాధవి మంచం దిగలేదనుకుని చూడ్డానికొచ్చిన మనిషిని ఆ పిల్లే ముందు సీటులో కూర్చోబెట్టి, హారన్ కొట్టుకుంటూ కోనేరు సెంటరు మీదుగా ఆసుపత్రికి తీసుకెళ్ళింది. దారంతా గోవర్ధనరావు గారు బాగున్న చేత్తో తలుపు పట్టుకునే ఉన్నారు.

మణికట్టు ఎముక చిట్లిందని డాక్టరు కట్టు కట్టాడు. ఇంత చిన్న దెబ్బకే చిట్లిందేమిటని రక్తపరీక్ష చేయించాడు. కాల్షియం బాగా తక్కువగా ఉందని, నెల్లాళ్ళు సెలవు పెట్టి ఇంట్లోనే ఉండాలని చెప్పాడు.

ఆ సాయంత్రం ఆఫీసు వాళ్ళంతా గోవర్ధనరావు గారింటికి పరామర్శకు వెళ్ళారు. గుమ్మం దగ్గరే ఆగి, రోగి ఎవరో కనుక్కుని మరీ లోపల అడుగుపెట్టారు.